ముందు చక్రాలు

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. అందరికీ డీజిలమ్మే. ముక్కుమీద కోపం, గోళ్లలో గ్రీజు. లారీ నడిపే తండ్రి దగ్గర పెరిగిన మనిషి కాబట్టి అంకెలు కూడా పలకమీద కన్నా ముందు స్పానర్లమీదే నేర్చుకుంది. భర్త తేనెటీగలు పెంచేవాడు. పూత ఎక్కడుంటే అక్కడికి ఆ ఈగల పెట్టెలు చేరవెయ్యడం ఆమె పని. అందుకోసం కొన్నదే ఆ పాత డీజిల్ పికప్పు. బురదలోనైనా, కొండమీదైనా లివరు లాగితే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి. ఆయిలు మార్చినా, ఫిల్టరు అడుగున చేరిన నీళ్లు వదిలినా ఇరవై ఏళ్లుగా ఆమె చెయ్యే. పొద్దున్నే ఇంజను చప్పుడు విని, "ఇవాళ దీనికి జలుబు చేసింది" అనేది. చాలాసార్లు నిజమే అయ్యేది.

ఆ ఏడాది మెట్లమీద జారి ఆమె మణికట్టు విరిగింది. సరిగ్గా అప్పుడే బండి కింద టకటకమని చప్పుడు మొదలైంది. ముందు చక్రాలను తిప్పే షాఫ్టు కీలు అరిగిందని వినగానే పసిగట్టింది. చేతికి కట్టు ఉంది, ఏం చేస్తుంది? బండిని మరిది మెకానిక్ షెడ్డుకి పంపింది. ఆమె పెళ్లయి వచ్చేనాటికి పదేళ్లవాడు, ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు. రెండు రోజుల్లో బండి తెచ్చిచ్చాడు. చప్పుడు లేదు. కొత్త కీలు వేశానన్నాడు.

కట్టు విప్పిన వారానికి, తెల్లవారుతుండగా ఇరవై పెట్టెలతో కొండ ఎక్కుతోంది. రాత్రి వాన పడింది. నిటారు మలుపు దగ్గర ఎప్పటిలాగే భర్త వెనక తొట్టిలో నిలబడి పెట్టెలు పట్టుకున్నాడు. ఆమె లివరు లాగింది. వెనక చక్రాలు బురద చిమ్మాయి. ముందువి రాళ్లలా కదల్లేదు. బండి వెనక్కి జారి కాలవలో ఒరిగింది. పెట్టెలు మీదపడి భర్త మోకాలు నలిగిపోయింది. పగిలిన పెట్టెల్లోంచి ఈగలు గుప్పుమని లేచాయి. చీర కొంగు మొహానికి చుట్టుకుని అతన్ని ఇవతలికి లాగేలోపు ఇద్దరికీ ఒళ్లంతా కుట్టాయి.

దారిన పోయే ట్రాక్టరు అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్లేందుకు ఆగింది. అతన్ని ఎక్కించే ముందు ఆమె బురదలో వెల్లకిలా పడుకుని బండి కిందికి చూసింది. షాఫ్టు ఉండాల్సిన చోట ఖాళీ. ఊడిన పన్ను సందులా ఖాళీ.

మర్నాడు, వాచిన మొహంతోనే షెడ్డుకి వెళ్లింది. షాఫ్టు అక్కడే ఉంది. గుమ్మం ముందు టార్పాలిన్ ఎగిరిపోకుండా దాన్ని గుంజగా నిలబెట్టాడు. ఆమె దాన్ని పీకింది. టార్పాలిన్, అందులో నిలిచిన వాననీళ్లూ మరిది నెత్తిన పడ్డాయి.

"కీలు దొరకలేదు వదినా," అన్నాడు తడి మొహం తుడుచుకుంటూ. "నాలుగు చక్రాలతో మీకు ఏడాదికి రెండుసార్లు కూడా పని పడదు కదా అని తీసేశా. చప్పుడైతే పోయింది కదా."

"తీసేశానని చెప్పావా?"

అతను కిందపడ్డ టార్పాలిన్ మడతపెట్టబోయాడు.

"బండి చెడితే బాగుచేసుకుంటాను. లేదని తెలిస్తే కొండే ఎక్కను. వేశానని చెప్పావు చూడు, ఆ మాట మీ అన్న కాలు విరగ్గొట్టింది."

అతను చెయ్యబోతే చెయ్యనివ్వలేదు. కాలవలోంచి బండిని అక్కడికే లాగించి, కొత్త కీలు కోసం నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చుకుంది. ఆ షెడ్డులోనే, అతని పనిముట్లతోనే, అతని ఖాతాదార్లు చూస్తుండగా బండి కింద దూరింది. షాఫ్టు బరువు ఒక్క చేత్తో ఆగక, "పట్టుకో" అంది. పట్టుకున్నాడు. షాఫ్టుమీది గుర్తునూ బండిమీది గుర్తునూ కలిపి ఒక్కో బోల్టూ బిగిస్తుంటే ఇంకా కుదుటపడని మణికట్టు సలిపింది. ఆ నొప్పికి కూడా వాణ్నే తిట్టింది, పళ్లబిగువున.

వారం తరవాత మిగిలిన పెట్టెలు ఎక్కించుకుని మరిది గుమ్మం ముందు ఆపింది. "వెనకెక్కు. మీ అన్న నిలబడే చోట నిలబడు." ఎక్కాడు. అదే మలుపు, అదే బురద. లివరు లాగింది. ముందు చక్రాలు మట్టిని పట్టుకుని బండిని పైకి ఈడ్చుకెళ్లాయి. అద్దంలో చూస్తే మరిది రెండు చేతులా పెట్టెలు వాటేసుకుని, కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమెకు జాలి కలగలేదు. కలగనందుకు తనమీద కూడా కోపం వచ్చింది.

పైన పెట్టెలు దించాక అతను ఏడ్చాడు, క్షమించమన్నాడు. "ఆ మాట కుంటుతున్నవాణ్ని అడుగు," అంది.

అడిగాడు. అన్న మెత్తని మనిషి, క్షమించాడు. ఆమె మాత్రం లేదు. మరిది ఇంటికొస్తే అన్నం పెడుతుంది, మాట్లాడదు. అతని షెడ్డులో బాగుచేయించుకున్న డ్రైవర్లు ఇప్పుడు తిన్నగా ఆమె వాకిట్లోకి వచ్చి ఆపుతారు. "ఒకసారి కిందికి చూడమ్మా," అంటారు. ఆమె గోనెపట్టా పరుచుకుని దూరి చూస్తుంది. అన్నీ ఉన్నా సరే, గొణుక్కుంటూనే బయటికొస్తుంది.