చచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట

బెంగాల్లో, లిలువాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఒక ఆచారముంది. ఎవరైనా పోతే, సమాధి చేసి వచ్చాక ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. పోయినవాళ్ళ మీద కట్టిన పాట అందరూ కలిసి పాడతారు. కట్టేది సంఘ పెద్దాయన. కట్టేది అన్నానా? ఆయన కట్టింది ఎప్పుడో ఒక్కసారే. ఆ తర్వాత పేరు మార్చడమే పని. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మా నాన్నకీ అదే పాట, పక్క క్వార్టర్ ముసలమ్మకీ అదే పాట. అందరూ శాంతమూర్తులే, అందరూ మృదుభాషులే, అందరూ పువ్వులా రాలినవాళ్ళే!

నిరుడు మా అమ్మ పోయింది. మా అమ్మ మృదుభాషిణా? కుళాయి దగ్గర ఆవిడ నోరు విప్పితే రెండు స్టేషన్ల అవతలి టికియాపారా దాకా వినబడేది. బెంగాలీ చేపలవాణ్ణి తెలుగులోనే కడిగేసేది. వాడు "మాషీ, మాషీ" అని సొంత పిన్నిని పిలిచినట్టు బతిమాలుతూ ఇంకో ముక్క వేసేవాడు. అలాంటి మనిషిని పువ్వును చేసి పాడితే నేనెలా ఊరుకుంటాను?

అందుకే నేనే కట్టాను. పెద్దాయన వాడే కీర్తన బాణీనే తీసుకుని, పొయ్యి దగ్గర వేళ్ళ మీద తాళం వేసుకుంటూ కట్టాను. పద్యమైనా పాటైనా కట్టేవాళ్ళకు ఒక పీడ ఉంది. పువ్వూ దీపమూ పిలవకుండానే వచ్చి తాళంలో కూర్చుంటాయి. ఎంత చక్కగా ఇమిడిపోతాయో, దిక్కుమాలినవి! వాటిని తరిమితేగాని మనిషి కనబడదు. తరిమాక ఇది మిగిలింది:

కుళాయి కాడ నీ కేక లేదు
బిందె ముందెట్టి పోతే అడిగే దిక్కు లేదు
తిట్టి పెట్టిన అన్నం తిన్నోళ్ళమమ్మా
తిట్టు లేని ముద్ద గొంతు దిగడం లేదు

పెద్దాయనకు వినిపించాను. మొహం చిట్లించారు.

"ఏటమ్మా ఇది? ప్రార్థనలో తిట్లేటి? కుళాయేటి?"

"మా యమ్మ అలాగే బతికినాది గదా పెద్దయ్యా."

"బతికితే బతికినాది. అందరికీ వచ్చిన పాటుండగా కొత్తదెందుకు? ఊరుకో."

నాకు ఒళ్ళు మండిపోయింది. కూడికలో ఆయన తన పాటే ఎత్తుకున్నారు. మృదుభాషిణి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మా అమ్మ ఆదరణ కూడికలో నవ్వు! తప్పు నవ్వినవాళ్ళది కాదు, నవ్వు పుట్టించిన ఆ పాటది. లేచి నిలబడి, ఆయన పాట మధ్యలోనే నా పాట ఎత్తుకున్నాను. బాణీ ఒకటే కావడంతో ఆయన గొంతు కాసేపు నాతో పెనుగులాడి ఆగిపోయింది. నాకు తాళం తప్పింది, అయినా చివరిదాకా పాడాను. కుళాయి దగ్గర అమ్మతో రోజూ కొట్లాడిన ఎదురింటావిడ భోరుమంది.

అందరూ వెళ్ళాక పెద్దాయన గుమ్మంలో ఆగారు. చీవాట్లు పెడతారేమోనని నేనూ సిద్ధంగానే ఉన్నాను.

"అమ్మా," అన్నారు నెమ్మదిగా, "నాను పోయినప్పుడు ఆ పాట పాడనీకమ్మా. నువ్వే ఏదోటి కట్టు."

ఆ మాటకు నేను కరిగిపోవాలేమో. నాకు ఇంకా మండింది.

"మీకొద్దన్న పాట మా నాన్నకెలాగ పాడీసినారు పెద్దయ్యా?"

ఆయన వంగి చెప్పుల కోసం వెతుక్కుంటూ ఉండిపోయారు. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి.