కారు జ్వరాన్ని కనిపెట్టిన సత్తెక్క

నిన్న పొద్దున చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. కరీంనగర్ నుంచి సత్తెక్క కొడుకు.

"చిన్నమ్మా, అవ్వ పోయింది. నిద్రల్నే పోయింది."

ఒక నిమిషం నాకేమీ అర్థం కాలేదు. మొన్న ఆదివారమే కదా, సత్తెక్క వీడియో కాల్‌లో "బీపీ గోళీ ఏసుకున్నవా లేదా?" అని నన్ను గదమాయించింది!

ఎనభై దాటిన మనిషి. ఎవరితోనూ సేవ చేయించుకోకుండా వెళ్లిపోయింది. అందుకే కళ్లు తడిసినా మనసు నిండుగానే ఉంది.

మన వాట్సాప్ గ్రూపులో పిల్లలకు ఆమె రిటైర్డ్ నర్సు అని మాత్రమే తెలుసు. ఒక సంగతి చెప్తాను.

1960లలో మేమిద్దరం ఆదిలాబాద్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో నర్సులం. పత్తి జిన్నింగ్ మిల్లు శేటు ఒకాయన తన పాత కారును ఆసుపత్రికి ఇచ్చాడు. వారానికి రెండుసార్లు అందులో ఊళ్లు తిరిగి టీకాలు వేసేవాళ్లం. డ్రైవర్ ఖాదర్ భాయ్.

ఆ ఎండాకాలం కారు సతాయించడం మొదలుపెట్టింది.

గంటసేపు బాగానే పోయేది. తర్వాత నడిరోడ్డు మీద టక్కున ఆగేది. ఖాదర్ భాయ్ కార్బురేటర్ తుడిచేవాడు, పెట్రోల్ పైపు ఊదేవాడు, ఇంజిన్‌లో పెట్రోల్ పంపు వేడెక్కిందేమోనని దాని మీద తడిగుడ్డ వేసేవాడు. ఏం చేసినా లాభం లేదు. అరగంట పోయాక దానంతట అదే స్టార్ట్ అయ్యేది!

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అక్కడ బ్రహ్మాండంగా నడిచేది. "బండిల ఏం ఖరాబ్ లేదు" అనేవాడు.

దాంతో మా ఆసుపత్రి డాక్టర్‌గారికి అనుమానం వచ్చింది. ఖాదర్ భాయే చెట్టు నీడ చూసి ఆపుతున్నాడని.

"ఇంకోసారి ఆగిందంటే నీ నౌకరి ఉండది" అన్నాడు అందరి ముందు.

ఖాదర్ భాయ్ ఆ రోజు అన్నం కూడా తినలేదు.

సత్తెక్క మాత్రం అప్పటికే తన నోట్‌బుక్‌లో ఒక పేజీ గీసి పెట్టింది. బయలుదేరిన టైం, ఆగిన టైం, మళ్లీ నడిచిన టైం. మూడు ట్రిప్పులవి రాసి ఉంచింది. వాన పడ్డ రోజు కారు అసలు ఆగనే లేదని కూడా రాసింది.

"ఖాదర్ భాయ్, గిది జ్వరం లెక్కనే ఉన్నది. ఎండెక్కినంక వస్తది, సల్లవడితే దిగుతది. జ్వరం దిగినంక పేషెంటును చూపిస్తే ఎవలకు దొరుకుతది?"

తర్వాతి ట్రిప్పులో కారు ఆగగానే ఆమె కూడా దిగి బానెట్‌లోకి వంగింది.

"గీ డబ్బా ఏంది?"

"కాయిల్, సిస్టర్. ప్లగ్గులకు కరెంటు గీడికెల్లే పోతది."

"మరి దీనికెందుకు ఎయ్యలే తడిగుడ్డ?"

ఖాదర్ భాయ్ కాయిల్ వైరు పీకి ఇంజిన్ ఇనుముకు దగ్గరగా పట్టాడు. నేను కారు ముందున్న స్టార్టింగ్ హ్యాండిల్ తిప్పాను. వైరు కొసన నిప్పురవ్వ రాలేదు, అంటే కరెంటు అందట్లేదు.

సత్తెక్క కూజాలో నీళ్లతో తువ్వాలు తడిపి, చుక్క కారకుండా పిండి కాయిల్‌కు చుట్టింది. నాడి చూసే వాచీ పట్టుకుని పక్కనే నిలబడింది. పది నిమిషాలయ్యాక మళ్లీ హ్యాండిల్ తిప్పాను.

టిక్! నీలం రంగు నిప్పురవ్వ!

ఖాదర్ భాయ్ "యా అల్లా" అని రోడ్డు మీదే కూర్చుండిపోయాడు.

తెల్లారి సత్తెక్క డాక్టర్‌గారినే కారెక్కించింది. ఎప్పటిలాగే గంటకు కారు ఆగింది. ముందు పెట్రోల్ పంపు చల్లబరిచి చూపించింది, కదల్లేదు. కాయిల్ చల్లబరిచింది, నడిచింది. ఆయన నోట్‌బుక్ తీసుకుని ఆ పేజీ రెండుసార్లు చదివాడు.

"ఖాదర్, నాదే తప్పు. మాఫ్ చెయ్యి" అన్నాడు.

నాగ్‌పూర్ నుంచి బస్సులో కొత్త కాయిల్ వచ్చింది. ఆ తర్వాత ఆ కారు దారిలో ఆగడం నేను చూడలేదు. ఖాదర్ భాయ్ రిటైర్ అయ్యేదాకా దాన్ని నడిపాడు.

ఈ ముచ్చట నేను ఎప్పుడు ఎత్తినా సత్తెక్క సిగ్గుపడేది.

"నాదేమున్నదే? ఆడిదానికి ఇంజిన్ సంగతి ఏం తెల్సని అనకుంట, ఖాదర్ భాయ్ నేనడిగిందానికల్లా జవాబు చెప్పిండు. గాయిన పెద్ద మనిషి" అనేది.

మంచి బతుకు బతికినవ్ సత్తెక్కా. ఇగ ఏ ఫికర్ లేకుండ నిమ్మళంగ పండుకో.