ఆవాలు చల్లి చూపిన సారు

మంగళవారం. ఇడ్లీపిండి రుబ్బడం, దుప్పట్లు ఉతకడం అయినాయి. వడియాలు పెట్టడం సగంలో ఆగింది. ఎదురింటి స్టాటిస్టిక్స్ సారు పోయినారని ఆయన భార్య గేటు దగ్గరికొచ్చి చెప్పింది.

పలచని కాగితాల్లో, వడకట్టే గుడ్డల్లో చిల్లులు ఎక్కడెక్కడ పడతాయో, ఎందుకట్లా పడతాయో లెక్కగట్టడమే ఆయన జీవితకాలపు పని. నేను కొత్త జల్లెడ కొన్నా అడిగి తీసుకుని వెలుతురుకు పట్టి చూసేవారు. మా తిరుపతి వీధి ఆయనకు ‘చిల్లుల సారు’ అని పేరు పెట్టి పళ్ళికిలించింది. ఈ పొద్దు అవే నోళ్ళు ‘మేధావి’ అంటున్నాయి. ఆయన ఏం చేసేవారో ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. దండలు మాత్రం పెద్దవే తెచ్చినారు.

మావాళ్ళేం తక్కువ కాదు. నగరిలో నా తమ్ముడికి మరమగ్గం ఉంది. బంగారుపాళ్యంలో ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి వడపోత గుడ్డ నేస్తాడు. ఒకసారి చిల్లులున్నాయని వాళ్ళు తిప్పి పంపినారు. ఆ ఆర్డరు పోతే మగ్గం అమ్ముకోవాల్సిందే. గుడ్డ చుట్ట చంకన పెట్టుకుని సారు దగ్గరికి వచ్చినాడు.

“సూడండి సార్, మూడు చిల్లులు ఒకే తావున ఉండాయి. వాళ్ళ మిషనే కొరికింది. తప్పు వాళ్ళదేనని ఒక్క కాగితం రాసియ్యండి.”

సారు నాచేత గుప్పెడు ఆవాలు తెప్పించి నేలమీద చల్లినారు. కొన్ని గుంపుగా పడినాయి, కొన్ని దూరంగా.

“వీటిని ఏ మిషను గుంపు చేసింది నాయనా? ఊరికే చల్లినా ఇట్లాగే పడతాయి. కన్ను కథలల్లుతుంది. కొలవాలి.”

సాయంత్రమంతా టేపు పెట్టి కొలిచినారు. మిగిలిన చిల్లులన్నీ ఒకే అంచు వెంబడి, ఒకే ఎడంలో ఉన్నాయి.

“ఇంత వరస ఊరికే రాదు. మగ్గంలో గుడ్డను లాగే రోలరుకు ఎక్కడో ముల్లు లేచింది. ఒక్కో చుట్టుకు ఒక్కో చిల్లు. తప్పు నీదే.”

“మీకు ఆ పేరు ఊరికే పెట్టలేదు సార్!” అని తమ్ముడు గుడ్డ లాక్కుని పోయినాడు. “నాలుగు ముక్కలు రాస్తే ఆయన సొమ్మేం పోయింది?” అని మా అమ్మ సణిగింది. అబద్ధం రాయనందుకు మనిషిని తిట్టే ఇల్లు మాది.

రోలరు మాత్రం చూసుకున్నాడు. ముల్లు ఉంది. ఆకురాయితో అరగదీసినాడు. చిల్లులు ఆగినాయి, ఆర్డరు నిలిచింది. ఆ మాట సారుకు చెప్పడానికి మాత్రం నగరి నుంచి బస్సులే లేకపోయినాయి.

ఈ పొద్దు ఫోన్ చేసి, “వస్తావా, నీ సంగతి ఆయమ్మకు నేనే చెప్పేదా?” అన్నాను. వచ్చినాడు. తన మగ్గం మీద నేసిన తెల్లగుడ్డ తెచ్చి సారు ఇంటి బయటే నిలబడినాడు.

“అక్కా, నువ్వే కప్పు.”

“కాళ్ళు లేవా నీకు?”

లోపలికి పోయి తనే కప్పినాడు. భుజం దగ్గర మడత సరిచేసినాడు. మళ్ళీ సరిచేసినాడు.

“సార్, ముల్లు ఉండాది” అన్నాడు. చెయ్యి తియ్యలేదు.

ఆ బాకీ తీరింది.