లెక్కలో ఒక్కరు

ఎనభైల చివర నేను సూర్యాపేట పోలీసు ఆఫీసులో గుమాస్తాను. ఊళ్లో ఎందరు విదేశీయులున్నారో ప్రతి నెలా పైకి లెక్క పంపాలి. ఏ నెలైనా ఒక్కరే. ఈ ఊళ్లోనే పుట్టి, పెళ్లయి కరాచీ వెళ్లి, భర్త పోయాక తిరిగొచ్చిన ఒక పెద్దామె. ఇక్కడి పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుంది.

సంవత్సరానికోసారి కనబడితే చాలన్నాను. అయినా ప్రతి నెలా వచ్చి బెంచీ చివర కూర్చునేది.

"అడుగుండ్రి సారూ," అనేది.

పేరు, పుట్టిన ఊరు, ఉంటున్న ఇల్లు అడిగేవాణ్ని. పుట్టిన ఊరి దగ్గరకొస్తే ఆమె ఆగేది కాదు.

"గీ మార్కెట్ ఎనకనే. మా అబ్బాజాన్ గాడ గడియారాలు బాగుచేసేటోడు. ఇప్పుడు ఎవ్వలకూ యాదికి లేదు."

ఏడేళ్లకు పౌరసత్వం కాగితం వచ్చింది. నేనే ఆమె కిరాయి గదికి తీసుకెళ్లి చదివి వినిపించాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"అయితే ఇగ నేను ఆఫీసుకు రావద్దా సారూ?"

"అక్కర్లేదమ్మా. ఇక మీరు ఈ దేశం మనిషే."

"గట్లనా," అంది. "మరి ఇగ నన్ను ఎవరడుగుతరు, నువ్వెవరని?"

ఊరికే అయినా వచ్చిపొమ్మని చెప్పాల్సింది. ఆ మాట నాకు అప్పుడు తోచలేదు.