చెల్లెలి బదులు అమ్మ కాపలా

మా చెల్లెలు ఒదిలియా విశ్వవిద్యాలయానికి అధిపతి అవుతోందని తెలిసిన వారమే ఊరి సభ దానికి తొపిల్ పని వేసింది. తొపిల్ అంటే మా పంచాయతీ ఆఫీసు ఊడ్చి, కర్ర పట్టుకుని వాకిట కాపలా కాసే మనిషి. జీతం లేదు, బత్తెం లేదు. మా ఒహాకా కొండల్లో ఎంతటివాళ్లయినా ఊరి సేవ అక్కడే మొదలుపెట్టాలి. కాదంటే ఇంటికి భూమి హక్కు పోతుంది.

మాకున్నది కొండవాలులో ఒక్క పొలం చెక్క. నాన్న పోయాక అమ్మ మకారియా దాని మీదే మమ్మల్ని సాకింది. పంట పోయిన ఏడు అడవి ఆకులు ఉడకబెట్టి పెట్టేది. పొయ్యి పైన వేలాడే విత్తనపు కంకులకేసి చూసి, "అవెందుకు తినకూడదమ్మా?" అని ఒదిలియా ఏడ్చేది. ఆ ఏడుపే దాన్ని మొక్కల చదువుకు తోసిందని నా నమ్మకం. స్కాలర్‌షిప్పు మీద చదివి, పెద్ద శాస్త్రవేత్త అయి, మళ్లీ ఆ చెక్కలోకే వచ్చింది. మా పాత విత్తనం నుంచే పొగమంచుకు కుళ్లని మొక్కజొన్నను ఏరి తీస్తోంది. చెక్క పోతే ఆ పనీ పోతుంది, అమ్మ బతుకూ పోతుంది. ఆ దిగులుతో నాకు కూడు సయించలేదు. నేనే చేద్దును, కానీ ఆ ఏడు నీళ్ల కమిటీ నా నెత్తిన ఉంది. ఒకే మనిషికి రెండు పనులు ఇవ్వరు.

సభ పెద్ద ఫిదెన్సియోను ఒదిలియా బతిమాలింది. "ఈ పదవి అయిపోనీ అన్నా, వచ్చి తప్పకుండా చేస్తా."

ఫిదెన్సియో నవ్వాడు. "నువ్వు చదువుకెళ్లినప్పట్నుంచీ ఆగుతూనే ఉన్నాం కదమ్మాయ్! అక్కడ కుర్చీ ముద్దు, ఇక్కడ చీపురు చేదా?"

జనం గొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ అతని మాటలో తప్పు పట్టలేకపోయాను.

అప్పుడు అమ్మ గోడ పట్టుకుని లేచింది. "దాని బదులు నేను చేస్తా."

"పిన్నీ, కర్ర ఎత్తగలవా?" అన్నాడు ఫిదెన్సియో.

"నిన్నే చంకనెత్తుకు తిరిగాన్రా. కర్ర నీకంటే బరువా?"

ఒదిలియా వద్దని ఎంత మొత్తుకున్నా వినలేదు. సభ ఒప్పుకుంది.

తీరా పట్నంలో ఒదిలియా ప్రమాణస్వీకారం రోజే అమ్మ కాపలా వంతు పడింది. "ఒక్క పూట సెలవడుగుదామే, నీ కూతురి పండగ కదా!" అని నేను కాళ్లావేళ్లా పడ్డాను. రానంది. పట్నం వెళ్లే దారంతా, చెల్లికి ఏం చెప్పాలా అనే ఆలోచిస్తూ వచ్చాను.

అది విశ్వవిద్యాలయం హాలు గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలి నుంచి పిలుస్తున్నా కదలడం లేదు.

"అమ్మేదన్నా?"

"వాకిట కాపలా ఉందే. 'ఈ పని నాది కాదురా, దానిది. నేనొక్క పూట మానేస్తే ఒదిలియా ఎగ్గొట్టిందంటారు' అంది."

ఒదిలియా గుమ్మం నుంచి కదిలింది. వెళ్లి వేదికెక్కింది. అమ్మ కోసం ఉంచిన ఖాళీ కుర్చీ పక్కన నేను కూర్చున్నాను. ప్రమాణంలో "సేవ చేస్తాను" అనే చోటికి రాగానే అది ఆగిపోయింది. కంగారుపడుతోందేమోనని ఎవరో మంచినీళ్లు అందించారు. తాగి, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగిపోయింది.