ఎనిమిదింటికి ఉత్తరాల పెట్టెల దగ్గర

మా బ్లాకు తొమ్మిదో అంతస్తు అంకుల్ పోయారు. పోయిన మంగళవారం తెల్లవారుజామున, నిద్రలోనే పోయారన్నాడు డాక్టరు. ఆ సంగతి మాకెవరికైనా తెలిసింది మాత్రం సాయంత్రం ఏడింటికి, నేను వెళ్లి తలుపు తీశాక. పగలంతా ఆయన ఒక్కరే అలా ఉండిపోయారు. అందులో నా తప్పు ఉంది.

ఈ పరాయి దేశంలో, పాసిర్ రిస్ అనే పేటలో, అదే బ్లాకు నాలుగో అంతస్తులో నేనొక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాను. రోజూ సైన్స్ పార్కులో ఉద్యోగానికి బయల్దేరేటప్పటికి అంకుల్ కింద ఉత్తరాల పెట్టెల దగ్గర ఉండేవారు. ఇస్త్రీ చొక్కా, మేజోళ్ల మీద చెప్పులు. తన పెట్టె తెరిచి చూసి, మూసి, ఓ పావుగంట అక్కడే నిలబడేవారు.

"ప్రేమలేఖ ఏమైనా రావాలా అంకుల్?" అన్నానొకసారి.

"ఈ వయసులో వస్తే గుండాగిపోద్దమ్మా. నేనొచ్చేది ఉత్తరాలకి కాదు, కనపడ్డానికి."

అప్పుడే ఒక ఊరి గురించి చెప్పారు. గోధుమ పరిశోధన ఉద్యోగం కోసం ఆయన వయసులో ఉండగా అమెరికా వెళ్లి, గడ్డి మైదానాల నడుమ ఒక చిన్న చోట ఆరేళ్లున్నారట. మొత్తం పదకొండు మంది. పంచాయతీ లేదు, మేయరు లేడు, సర్కారు లెక్కలో అది ఊరే కాదు. ధాన్యం గోదాము ఒకటి, ఒకావిడ ముందుగదిలో పోస్టాఫీసు ఒకటి. ఉత్తరాలు ఇంటికి తెచ్చేవారు లేరు కాబట్టి అందరూ పొద్దున్నే అక్కడికి వెళ్లాలి. ఎవరైనా రాకపోతే పోస్టాఫీసావిడ ఊరుకునేది కాదు, మనిషిని పంపేది.

"ఓ చలికాలం జొరవొచ్చి పడుకుండిపోయేను. తలుపు దబదబా బాదేరు. తీసి చూద్దును గదా, నడుంలోతు మంచులో పారలట్టుకుని ముగ్గురు! నా పేరు తిన్నగా పలకడం ఒక్కడికీ రాదమ్మా. అయినా నేను రాలేదని తెలిసిపోయింది."

భార్య పోయాక ఆయనకు ఇక్కడ నావాళ్లనుకునేవారు లేరు. లిఫ్టులో ప్రతివాళ్లనీ పలకరించేవారు, వాళ్లు ఫోన్లోంచి తల ఎత్తేలోపు తొమ్మిదో అంతస్తు వచ్చేసేది. "మనిషన్నాక నలుగురి కంట్లో పడాలి" అనేవారు. నాకూ ఇక్కడ ఎవరూ లేరు. ఆ మాట నేను చెప్పకుండానే ఆయనకు తెలుసు. ఆదివారాలు హాకర్ సెంటర్లో, ఆ చిన్న చిన్న తిండి కొట్ల మధ్య, కాఫీ ఇప్పించేవారు.

కిందటేడు ఆయన నాకు తాళంచెవి ఇచ్చారు. "ఎనిమిదింపావుకి నేను కనపడకపోతే వచ్చి తలుపు కొట్టు. తియ్యకపోతే నువ్వే తీసుకుని లోపలికొచ్చెయ్. మొహమాటపడకు." సరేనన్నాను.

మంగళవారం ఆయన కనపడలేదు. వాన పడుతోంది, ఆఫీసులో మీటింగుంది. లిఫ్టు వైపు ఒకసారి చూశాను. పెద్దాయన, కాస్త నిద్ర పట్టి ఉంటుందిలే అనుకుని స్టేషన్‌కి పరుగెత్తాను. రోజంతా ఒక్కసారైనా గుర్తు రాలేదు. సాయంత్రం తిరిగొచ్చి ఆ పెట్టెలు చూశాకే గుర్తొచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

దహనం అయిపోయిన మూడో రోజు, ఉత్తరాల పెట్టెల దగ్గర ఒక చైనీస్ ఆంటీ నన్ను ఆపింది. రోజూ అక్కడ చేతులూపుతూ వ్యాయామం చేసే ఆవిడే. నేనెప్పుడూ పలకరించలేదు.

"అంకుల్ వేర్? ట్యూస్‌డే ఐ నో సీ హిమ్. ఐ గో అప్, ప్రెస్ బెల్. నోబడీ ఓపెన్."

ఆయన పోయారని చెప్పాను. మీరు పైకి ఎన్నింటికి వెళ్లారని అడిగితే, ఎనిమిదిన్నర అంది. ఆవిడకు ఆయన ఏమీ చెప్పిపెట్టలేదు. ఆయన పేరు కూడా ఆవిడకు తెలియదు.

ఎనిమిదిన్నరకి నేను రైల్లో కూర్చుని మీటింగులో ఏం మాట్లాడాలో చూసుకుంటున్నాను. అక్కడ తొమ్మిదో అంతస్తులో, మూసి ఉన్న తలుపు ముందు, తడిసిన గొడుగు చేత్తో పట్టుకుని ఆవిడ రెండోసారి బెల్లు నొక్కి, ఎవరైనా వస్తారేమోనని నిలబడి ఉంది.