పేడనీళ్ళూ, కంటికి కనబడని అయస్కాంతమూ

ఆ రోజుల్లో, పరిశోధన చేస్తున్నానంటే చాలు, ఎదుటివాళ్ళు వివరం అడక్కుండా గౌరవించేస్తారని నమ్మేవాణ్ణి. మా అరకు కొండల్లో నాకో వదిన ఉందన్న సంగతి ఎలా మరిచిపోయానో తెలియదు. చైత్రంలో మాకు ఇటుకల పండగ. మగవాళ్ళు వేటకి వెళతారు, ఏమీ దొరక్కుండా తిరిగొచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు (ఇప్పుడు వేట పేరుకే, పేడనీళ్ళు మాత్రం నిజమైనవే). విశాఖలో ఇంజనీరింగ్ పరిశోధన వెలగబెడుతున్న నేను సరిగ్గా ఆ పండక్కే ఊళ్ళో దిగాను. చేతిలో అద్దం మూతున్న అగ్గిపెట్టంత డబ్బా, అందులో గోరంత పలక, దాని మీద కంటికి ఆనని అయస్కాంతం. ఎన్నో పాడయ్యాక పనిచేసిన మొదటిది అదే. అమ్మకు చూపించాలన్న ఆత్రంతో మా గైడుగారికి చెప్పకుండా తెచ్చేశాను. సోమవారం అది ఆయన చేతిలో క్షేమంగా పెట్టకపోతే నా చదువు అక్కడితో సరి.

వీధి మొదట్లోనే వదిన బకెట్టుతో అడ్డం నిలబడింది. వెనక మరికొందరు ఆడవాళ్ళు.

"పట్నంలో ఇన్నేళ్ళు ఏటి వేటాడినావు మరిదీ? సూపించు."

మూత తియ్యకుండానే చూపించాను. వదిన డబ్బాని వెలుగుకేసి తిప్పింది.

"ఏటీ నేదు."

"ఉంది వదినా, కంటికి కనబడదు. కంప్యూటర్లకి కరెంటు తక్కువ పట్టేలా చేస్తున్నాం. కరెంటు పోయినా ఇది మరిచిపోదు."

కరెంటు మాట వినగానే అందరూ దగ్గరికొచ్చారు (మా ఊళ్ళో ఆ మాటకున్న విలువ అలాంటిది).

"ఏటి గుర్తెట్టుకుంటది?" అంది వదిన.

"'అవును' అనో, 'కాదు' అనో. రెంటిలో ఒకటి."

"అంతేనా?"

"అంతే."

వదిన నాకేసి జాలిగా చూసింది. "ఇన్నేళ్ళకి ఒక్క మాటా? మా సంటోడు నెలకో మాట నేర్సుకుంతన్నాడు. మూత తియ్యి, దగ్గర్నుంచి సూత్తాం."

వేలు తగిలితే ఆ పలక పని అయిపోయినట్టే. డబ్బా లాక్కున్నాను.

"అయితే నీవి కాళీ సేతులే" అంది వదిన.

రెండు చేతులతో డబ్బాని నెత్తి మీదికెత్తి నిలబడ్డాను. మెడ కిందంతా తడిసిపోయింది, డబ్బా మాత్రం తడవలేదు. సోమవారం గైడుగారు పరీక్షించి, పనిచేస్తోందని మెచ్చుకున్నారు (నేను శుభ్రంగా తలంటుకునే వెళ్ళాను, అయినా ఆయన కిటికీ తెరిచారు).

ఇప్పుడు నేను ప్రొఫెసర్ని. ఈ ఏడు చేసిన పనంతా పాడైపోయి, చైత్రంలో ఊరికి నిజంగా ఖాళీ చేతులతోనే వెళ్ళాను. నన్ను చూడగానే వదిన బకెట్టు కింద పెట్టేసింది.

"సారు వత్తన్నారు, దారియ్యండే."

అందరూ పక్కకి జరిగారు. నాకెంత దిగులేసిందో చెప్పలేను. కావాలనే కాస్త నెమ్మదిగా నడిచాను గానీ, చొక్కా మీద ఒక్క చుక్కయినా పడలేదు.